తల్లీబిడ్డల ఆరోగ్యంలో అసమానతల మీద పోస్ట్‌డాక్: హైదరాబాద్‌లో ఎలా మొదలుపెట్టాలి, ఎలా సాగాలి

పీహెచ్‌డీ ముగిశాక తల్లీబిడ్డల ఆరోగ్యంలో అసమానతల మీదే పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన శిక్షణ) చేస్తానంటే మా మేనమామ ఒకటే మాట అడిగాడు. "కాన్పులన్నీ దవాఖానలనే అయితున్నయి గద బిడ్డా, ఇంక చూసేదేమున్నది?"

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే అయ్యాయి. 2018-20లో దేశం మొత్తం మీద లక్ష సజీవ జననాలకు 97 మాతృమరణాలుంటే ఇక్కడ 43. కానీ అదే సర్వేలో పేజీ తిప్పితే, ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు నూటికి 33 మంది. అంతకుముందు 2015-16 సర్వేలో ఆ సంఖ్య 28. గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత. ఆస్పత్రి గడప దాటడం పెరిగింది, బిడ్డ ఎత్తు మాత్రం పెరగలేదు. ఈ రెండింటి నడుమ జరిగిందేమిటో, ఎవరి ఇంట్లో జరిగిందో పట్టుకోవడమే ఈ శిక్షణ. పద్ధతులు ఎక్కడైనా నేర్చుకోవచ్చు. సగటు చూడగానే "ఎవరి సగటు?" అని అడిగే అలవాటు మాత్రం ఫీల్డులో తిరిగితేనే వస్తుంది. ఆ తిరుగుడుకు హైదరాబాద్ కంటే మంచి ఊరు నాకు తెలియదు.

మొదట: తేడా ఎవరికీ ఎవరికీ మధ్య?

చాలామంది ఫెలోషిప్ ప్రకటన వచ్చాక ప్రశ్న కోసం వెతుకుతారు. ఇది తలకిందుల పని. ముందు ఒక కాగితం మీద మూడు ఖాళీలు పెట్టుకోండి: ఏ ఫలితం, ఎవరికీ ఎవరికీ మధ్య, ఏ చోట ఏ కాలంలో. "తెలంగాణలో రక్తహీనత" అని రాస్తే అది అంశం మాత్రమే. "ఇటుక బట్టీల పనికి ఒడిశా నుంచి వచ్చిన గర్భిణులకూ, అదే మండలంలో పుట్టి పెరిగిన గర్భిణులకూ ఆరో నెల నిండేసరికి అందిన ఐరన్ మాత్రల్లో తేడా ఎంత, ఎక్కడ తెగింది?" అని రాస్తే అది ప్రశ్న. మూడు ఖాళీలూ నిండని ప్రపోజల్‌ను ఎవరికీ పంపకండి.

తేడా కనిపించిన ప్రతిచోటా అసమానత ఉన్నట్టు కాదు. కవలలు తక్కువ బరువుతో పుట్టడం శరీర ధర్మం. తండాలో పుట్టిన బిడ్డ తక్కువ బరువు ఉండటానికి తల్లి తొమ్మిదో నెల దాకా కూలికి పోవడం కారణమైతే అది వేరే సంగతి. అది తప్పించదగినది, తప్పించకపోవడం అన్యాయం. ఈ రెండో రకమే మన పని.

అసమానత అంటే పేదలకు తక్కువ అందడమే అని కూడా అనుకోవద్దు. సిజేరియన్లు చూడండి. 2019-21లో తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో నూటికి 81కి పైగా కాన్పులు కోతతోనే అయ్యాయి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44కి పైగా. ముహూర్తం చూసుకుని వచ్చి ఫలానా గంటకే బిడ్డ పుట్టాలనే కుటుంబాలను మీరూ ఎరుగుదురు. అవసరం లేని కోత ఒకవైపు, అవసరమైన కోత వేళకు దొరకని తండా మరోవైపు. రెండూ కలిపి సగటు తీస్తే ఏదీ కనబడదు.

ప్రశ్న ఎలా ఉండాలో చూపడానికి నేను విద్యార్థులకు చెప్పే ఉదాహరణ పోషకాహార శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామిది. ఆయన శ్రీకాకుళంలో పుట్టిన మనిషి. ఆఫ్రికాలోని పేద దేశాల కంటే దక్షిణాసియా పిల్లల్లో పోషకాహార లోపం ఎందుకు ఎక్కువ అని 1996లో ఆయనా, మరో ఇద్దరూ కలిసి అడిగారు. తిండి కొరత ఒక్కటే దానికి జవాబు కాదనీ, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం దగ్గరా, ఇంట్లో ఆడవాళ్ళ స్థితి దగ్గరా వెతకాలనీ చెప్పారు. ఒక వాక్యం ప్రశ్న, దాని మీద ఇన్నేళ్ళుగా వాదన నడుస్తూనే ఉంది.

ఇక అమెరికా సాహిత్యం సంగతి. 'డిస్పారిటీస్' (అసమానతలు) అన్న మాట మనకు ఎక్కువగా అక్కడి పేపర్ల నుంచే వచ్చింది. అక్కడ 2021లో లక్ష సజీవ జననాలకు నల్లజాతి తల్లుల మరణాలు 69.9, తెల్లజాతి తల్లులవి 26.6. ఆ తేడాను వాళ్ళు కొలిచిన తీరు తప్పకుండా చదవండి. అయితే 'జాతి' ఉన్న గడిలో 'కులం' అని దిద్ది అదే గణాంక నమూనా (మోడల్) నడపడం పరిశోధన కాదు. ఇక్కడ కులం, మతం, డబ్బు, వలస, అత్తగారింట్లో కోడలి మాటకున్న విలువ ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. పాతబస్తీలో పేద ముస్లిం ఇంటి కోడలి అనుభవాన్ని పేదరికం, మతం అని రెండు ముక్కలు చేసి కూడితే ఆ మనిషి తప్పిపోతుంది.

చోటు కాదు, గురువు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి తరలివచ్చింది. మన ఊరి చుట్టుపక్కలి 29 పల్లెల్లో 1987-90 మధ్య ఒక పోషకాహార ప్రయోగం జరిగింది. 15 పల్లెల్లో గర్భిణులకూ పిల్లలకూ అదనపు ఆహారం అందింది, 14 పల్లెల్లో ఆ పథకం అప్పటికి రాలేదు. అప్పుడు పుట్టిన పిల్లలను పెద్దయ్యాక కూడా వెతికి పట్టుకుని పరీక్షిస్తూ వచ్చారు. తల్లి కడుపులో ఉండగా తిన్న తిండి ముప్పై ఏళ్ళ తర్వాత ఏం చేస్తుందో చూడగలిగే చోటు దేశంలో అరుదు. బేగంపేటలోని ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం 'యంగ్ లైవ్స్' అధ్యయనంలో భాగస్వామి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను ఆ అధ్యయనం 2002 నుంచి అనుసరిస్తోంది, దాని డేటా పరిశోధకులకు ఉచితం. మేడ్చల్ వైపు షేర్ ఇండియా అనే పరిశోధన సంస్థ వాళ్ళ కుటుంబ ఆరోగ్య అధ్యయనం 2009లో మొదలైంది. ఇవి కాక ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉన్నాయి.

గేటు మీద పేరు చూసి చేరకండి. నేను అలాగే చేరాను. పేరు చెప్పను గానీ, నన్ను పోస్ట్‌డాక్‌గా తీసుకున్న మొదటి చోట ఆరు నెలలు వేరే ప్రాజెక్టుల త్రైమాసిక రిపోర్టులు రాయించారు. అడిగితే "అదీ శిక్షణే కదమ్మా" అన్నారు. నా దగ్గర రాతపూర్వకంగా ఏమీ లేదు. అందుకని చేరకముందే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: వారంలో ఎన్ని రోజులు నా సొంత ప్రశ్న మీద, నెలలో ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడతాం, ఏ పేపర్లో ఎవరి పేరు ముందు, నేను వెళ్ళిపోతే డేటా ఎవరి దగ్గర. గురువు సంతకం పెట్టడానికి మొహమాటపడితే మీకు జవాబు దొరికినట్టే. పాత పోస్ట్‌డాక్‌లు ఇద్దరికి ఫోన్ చేయండి. వాళ్ళు ఏం చెప్పారనేదే కాదు, జవాబు చెప్పేముందు ఎంతసేపు ఆగారో కూడా గమనించండి.

ఒక్క గురువు చాలరు. అంకెల మనిషి ఒకరు, మనుషుల మాట వినడం తెలిసిన సామాజిక శాస్త్రవేత్త ఒకరు కావాలి. మూడో గురువును ఎవరూ చెప్పరు, నేను చెబుతాను: పాతికేళ్ళ సర్వీసున్న ఏఎన్‌ఎం (ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సు) లేదా అంగన్‌వాడీ సూపర్‌వైజర్. మీ ఫారం చదివి "ఇది ఎవరూ చెప్పరు మేడం" అని మొహం మీదే అనగలిగేది ఆమె ఒక్కతే.

డబ్బు

త్వరగా చెబుతాను, ఎందుకంటే గడువులూ మొత్తాలూ ప్రతి ప్రకటనకూ మారతాయి. పీహెచ్‌డీ, ఎండీ కొత్తగా ముగించినవాళ్ళకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ ఉంది. సామాజిక శాస్త్రాల వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) ఇచ్చేది సరిపోతుంది. సొంత ప్రశ్నతో ఐదేళ్ళు నిలబడాలనుకుంటే ఇండియా అలయెన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్. దాని కార్యాలయం మన ఊళ్ళోనే ఉంది, వాళ్ళు పెట్టే ప్రపోజల్ వర్క్‌షాపులకు వెళ్ళండి. కొన్నాళ్ళు అమెరికాలో పద్ధతులు నేర్చుకుని రావాలంటే ఫుల్‌బ్రైట్-నెహ్రూ పోస్ట్‌డాక్ 8 నుంచి 24 నెలల దాకా దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. అమెరికా యూనివర్సిటీల్లో 'మాతాశిశు ఆరోగ్య అసమానతల పోస్ట్‌డాక్ శిక్షణ' అని వచ్చే ప్రకటనల్లో చాలావరకు ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ) ఇచ్చే టీ32 అనే శిక్షణ నిధులతో నడిచేవి. వాటికి అమెరికా పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉండాలి. ప్రకటనలో అది చివర్లో ఎక్కడో ఉంటుంది. ముందు ఆ వాక్యం వెతకండి, తర్వాత మిగతాది చదవండి.

తొలి ఆరు నెలలు: ఉన్న డేటాతోనే

అనుమతులు వచ్చేదాకా ఖాళీగా కూర్చోవద్దు. కుటుంబ ఆరోగ్య సర్వే యూనిట్ స్థాయి డేటా (ఒక్కో ఇంటి, ఒక్కో మనిషి జవాబులు) తీసుకుని ఒక పేపర్ రాయండి. డేటా ఎప్పుడూ దొరుకుతుందనే ధీమా వద్దు. 2025లో అమెరికా నిధులు ఆగినప్పుడు ఈ సర్వే డేటా దొరికే డీహెచ్‌ఎస్ వెబ్‌సైట్లో కొత్త రిజిస్ట్రేషన్లు కొంతకాలం నిలిచిపోయి ఎందరో ఇబ్బందిపడ్డారు. చేరిన మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టండి.

ఈ డేటాలో హైదరాబాద్ వాళ్ళు తప్పక పడే గుంట ఒకటుంది. సర్వేలోని సంపద సూచీని దేశం మొత్తానికి కలిపి కట్టారు. ఇంట్లో టీవీ, గ్యాసు పొయ్యి, ఫోను, పక్కా గోడ ఉంటే మార్కులు పడతాయి. మూసీ ఒడ్డున రేకుల ఇంట్లో అద్దెకుండే కుటుంబానికీ ఇవన్నీ ఉంటాయి. దాంతో నగరంలో ఎక్కువమంది ఐదు సంపద వర్గాల్లో పై రెండింట్లో పడిపోతారు, "హైదరాబాద్‌లో పేదలే లేరు" అన్నట్టు పట్టిక వస్తుంది. రాష్ట్రానికో, పట్టణ ప్రాంతానికో విడిగా సూచీ కట్టుకోండి. ఒక గదిలో ఎందరు పడుకుంటారు, మరుగుదొడ్డి సొంతమా ఉమ్మడా అన్నవాటికి నగరంలో బరువెక్కువ.

రెండోది రక్తహీనత. ఆ సర్వే వేలికొస నుంచి తీసిన రక్తబొట్టుతో కొలుస్తుంది. 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వే నరం నుంచి తీసింది, దాంట్లో పిల్లల రక్తహీనత బాగా తక్కువగా వచ్చింది. రెండు సర్వేల అంకెలు పక్కపక్కన పెట్టి "తగ్గింది", "పెరిగింది" అని రాసేముందు ఏ రక్తమో చూడండి. మూడోది, మాతృమరణాల లెక్క చెప్పే ఎస్‌ఆర్‌ఎస్ (జనన మరణాల నమూనా నమోదు వ్యవస్థ) బులెటిన్ కులం వారీగా లెక్క ఇవ్వదు. ఏ కులంలో తల్లులు ఎక్కువగా చనిపోతున్నారో దాన్నుంచి తేల్చలేరు. ప్రపోజల్లో ఆ మాట ఇస్తే సమీక్షకులు అక్కడే పట్టుకుంటారు.

అనుమతులు: ఓపిక, జెరాక్సులు

2017 ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాలు మొత్తం చదవండి, సారాంశం కాదు. సంతకం రాని తల్లి వేలిముద్ర వేస్తే, పరిశోధనతో సంబంధంలేని చదువుకున్న సాక్షి పక్కన ఉండాలి. మీ జట్టు పిల్ల సాక్షి సంతకం పెడితే చెల్లదు. విదేశీ నిధులో భాగస్వామ్యమో ఉంటే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ దాకా వెళ్ళాలి. ప్రయోగం అయితే మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని ప్రయోగాల రిజిస్ట్రీలో) నమోదు కావాలి. పీహెచ్‌సీలకు జిల్లా వైద్యాధికారి ఉత్తరం, అంగన్‌వాడీలకు స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఉత్తరం వేర్వేరుగా కావాలి. ఒకటి చూపిస్తే ఇంకోచోట లోపలికి రానివ్వరు.

ఎథిక్స్ కమిటీ ముందు మీరే లేవనెత్తాల్సిన ప్రశ్న ఒకటి: ఫీల్డులో పదిహేడేళ్ళ గర్భిణి ఎదురైతే? పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రకారం విషయం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. చెబితే ఆ పిల్ల మళ్ళీ దవాఖాన వైపు రాకపోవచ్చు. అప్పటికప్పుడు గుమ్మంలో నిలబడి తేల్చుకునే విషయం కాదిది. ఎవరికి చెప్పాలి, అంగీకార పత్రంలో ఏమని రాయాలి అన్నది ముందే కమిటీతో మాట్లాడి కాగితం మీద పెట్టుకోండి.

ఫీల్డు

ఇక్కడ నెమ్మదిగా చదవండి, నేను దెబ్బలు తిన్నది ఇక్కడే.

మొదటి దెబ్బ పుట్టిల్లు. మా పైలట్ అధ్యయనంలో ఐదో నెలలో బస్తీలో పేర్లు రాసుకున్న గర్భిణుల కోసం ఎనిమిదో నెలలో వెళితే చాలా ఇళ్ళల్లో మనిషి లేదు. శ్రీమంతం చేసి పుట్టింటికి తీసుకుపోయారు. ఒకామె నారాయణపేట, ఒకామె ఖమ్మం, ఇంకొకామె ఎక్కడో అత్తకే సరిగా తెలియదు. మా దగ్గర ఉన్న నంబరు భర్తది, ఆయన పగలు ఎత్తడు. తొలికాన్పు పుట్టింట్లో అని మన ఇళ్ళల్లో ఎవర్ని అడిగినా చెబుతారు, మా ఫారంలో మాత్రం ఆ గడి లేదు. ఇప్పుడు నేను పెట్టే ఫారంలో తొలి పేజీలోనే మూడు నంబర్లు ఉంటాయి: ఆమెది, తల్లిది లేక అన్నతమ్ములది, పక్కింటామెది. పుట్టింటి ఊరు, మండలం, అక్కడి ఆశా కార్యకర్త పేరు కూడా. జారిపోయేది ఎవరో గమనించండి. తొలిచూలువాళ్ళు, వలసవాళ్ళు, అద్దె కట్టలేక ఇల్లు మారినవాళ్ళు. అంటే సరిగ్గా మనం ఎవరి కోసం వెళ్ళామో వాళ్ళే.

రెండోది మాట. మా ప్రశ్నాపత్రంలో "ఆస్పత్రిలో మీ పట్ల వివక్ష చూపారా?" అని ఉండేది. రెండు వారాలు అందరూ "లేదు" అన్నారు. మాతో వచ్చిన ఏఎన్‌ఎం అక్క ఒకరోజు ఫారం పక్కన పెట్టి ఒక బాలింతను అడిగింది: "దవాఖానల నీతోని ఎట్ల మాట్లాడిన్రమ్మా?" ఆమె కాసేపు బిడ్డ వంక చూసి, "నొప్పులకు అరిస్తే, అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కడిదని తిట్టింది అక్కా ఆయమ్మ" అంది. వివక్ష అనే మాట ఆమె నిఘంటువులో లేదు. ప్రశ్నలన్నీ ఆ సాయంత్రమే తిరగరాశాం. పాతబస్తీకి దక్కనీ మాట్లాడేవాళ్ళనూ, తండాలకు లంబాడీ వచ్చినవాళ్ళనూ తీసుకోండి. పుస్తకాల ఉర్దూలో అడిగితే పాతబస్తీలో నవ్వుతారు.

మూడోది అత్త. ఇంటర్వ్యూలో ఆమె పక్కనే కూర్చుంటుంది, జవాబులు ఆమే చెబుతుంది. లేవమనడం మర్యాద కాదు, పని కూడా కాదు. ఇద్దరు వెళ్ళండి. ఒకరు బయట అరుగు మీద బిడ్డ బరువు తూస్తూ "మీ కాలంలో బాలింతకు ఏం పెట్టేవాళ్ళమ్మా?" అని అత్తను కదిలించాలి. ఆ పత్యం కథ పదిహేను నిమిషాలకు తక్కువ రాదు, అదీ డేటానే. ఈలోపు లోపల రెండోవాళ్ళ పని అవుతుంది.

నాలుగోది వయసు. ఎత్తు సరిగ్గా కొలిచినా నెల తప్పితే ఫలితం తప్పుతుంది. తల్లీబిడ్డల కార్డు ఉంటే సరే. లేకపోతే పండుగల క్యాలెండర్ తయారు చేసుకోండి: ఉగాది, రంజాన్, బతుకమ్మ, దసరా, సంక్రాంతి. "బోనాలైన ఎనిమిదొద్దులకు పుట్టిండు" అంటే ఆగి, ఏ బోనాలని అడగండి. గోల్కొండ, లష్కర్, లాల్ దర్వాజా బోనాలు ఒకే రోజు రావు, వాటి మధ్య వారాల తేడా ఉంటుంది.

కొలతల్లో ఇంకొక్కటి: రెండేళ్ళలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, ఆపైన నిలబెట్టి. రెండింటికీ సుమారు 0.7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. జట్టులో ప్రతి ఒక్కరూ పదిమంది పిల్లలను రెండేసిసార్లు కొలిచి, తమ కొలత తమతోనే ఎంత కలుస్తుందో చూసుకున్నాకే ఫీల్డుకు పంపండి. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువున్న బిడ్డ, అంటే తీవ్ర పోషకాహార లోపమున్న బిడ్డ కనిపిస్తే ఫారం నింపి వచ్చేయకూడదు. అదే రోజు ఎక్కడికి పంపాలో చీటీ మీ సంచిలో ఉండాలి.

ఎంతమంది?

ఒక వర్గంలో ఎదుగుదల లోపం (వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం) 30 శాతం, ఇంకో వర్గంలో 40 శాతం ఉంటుందని అంచనా అనుకుందాం. ఆ తేడాను మామూలు ప్రమాణాలతో పట్టుకోవాలంటే వర్గానికి దాదాపు 350 మంది కావాలి. బస్తీల వారీగా ఎంపిక చేస్తారు, ఒకే బస్తీవాళ్ళు ఒకరిలా ఒకరు ఉంటారు కాబట్టి ఒకటిన్నర రెట్లు చేస్తే 525. నూటికి ఇరవైమంది జారిపోతారనుకుంటే 657. ఇది ఒక్క పోలికకు. కులం, సంపద, వలస మూడూ కలిపి చూస్తానంటే రెండేళ్ళ ఫెలోషిప్ చాలదు. పెద్ద పోలిక పాత డేటాతో చేసి, ఒకే ఒక్క పోలిక కోసం ఫీల్డుకు వెళ్ళండి.

లెక్క

అసమానతను కొలిచే కాన్సంట్రేషన్ సూచీ, స్లోప్ సూచీ, రెండు వర్గాల మధ్య తేడా ఎందువల్లో విడగొట్టే ఓహాకా-బ్లైండర్ విభజన నేర్చుకోవాలి, సాఫ్ట్‌వేర్ మాన్యువళ్ళు చాలు. తెలివి అవసరమయ్యేది వేరేచోట. పేదవర్గంలో లోపం 40 నుంచి 20కి, ధనికవర్గంలో 20 నుంచి 8కి తగ్గిందనుకోండి. తీసివేతలో తేడా 20 నుంచి 12కి తగ్గింది. భాగహారంలో రెండు రెట్లు కాస్తా రెండున్నర రెట్లయింది. అధికారి మొదటిది చదివి చప్పట్లు కొడతాడు, ఉద్యమకారులు రెండోది చదివి ధర్నాకు కూర్చుంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మీ పేపర్లో రెండూ రాయండి, ఒకటే రాసి దాక్కోవద్దు.

ఇంకో దురలవాటు: మోడల్లోకి తల్లి చదువు, ఆదాయం, ఇల్లు అన్నీ వేసి "ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కులం ప్రభావం లేదు" అని తేల్చడం. ఆ చదువు దక్కకపోవడానికి కులమే కారణమైతే? దారిలో ఉన్నదాన్ని తీసేసి గమ్యం కనబడలేదన్నట్టు ఉంటుంది. ఏది దేనికి దారితీస్తుందో బాణాల బొమ్మ ముందు గీయండి, తర్వాతే మోడల్.

చివరి మూడు నెలలు

కోడ్ శుభ్రం చేయండి, ప్రతి చరరాశికీ తెలుగులో అడిగిన అసలు ప్రశ్న ఏమిటో పక్కన రాయండి. మీ తర్వాత వచ్చేవాళ్ళకు 'క్యూ 17' అంటే ఏమిటో తెలియదు. జారిపోయిన తల్లుల జాబితా విడిగా పెట్టుకోండి, వచ్చే ప్రపోజల్ దాంట్లోంచే పుడుతుంది.

ఫలితాలు జర్నల్‌కు పంపేముందు బస్తీకి తీసుకెళ్ళండి. శనివారం మధ్యాహ్నం అంగన్‌వాడీ పిల్లలు వెళ్ళాక టీచర్, ఆయా, ఆశాలు, ఓ పదిమంది తల్లులు దొరుకుతారు. స్లైడ్లు వద్దు. నేను వంద చింతగింజలు పట్టుకెళ్ళి, ఎదుగుదల లోపం ఉన్న పిల్లల లెక్కకు సరిపడా గింజలు పక్కకు తీసి రెండు కుప్పలు పోశాను. ఒకటి సొంతిల్లున్నవాళ్ళది, ఒకటి అద్దెవాళ్ళది. అద్దెవాళ్ళ కుప్ప పెద్దదయింది. నేను తిండి గురించి మాట్లాడబోతుంటే వెనక కూర్చున్న ఒకామె అంది: "ఇల్లు మారినప్పుడల్లా మా పేరు ఈ సెంటర్ల తీసేస్తరు మేడం, కొత్త సెంటర్ల ఎక్కియ్యనీకె రెండు మూడు నెలలు పడ్తది. ఆ నెలల గుడ్డు లేదు, పాలు లేవు."

నా పద్దెనిమిది ప్రశ్నల ఫారంలో ఇల్లు ఎన్నిసార్లు మారారన్న ప్రశ్న లేదు. మర్నాడే చేర్చాను.